స్మాల్‌టాక్, యూనిక్స్, మా నాయన వాన లెక్కలు

2012 ఎండాకాలంలో ఒక రాత్రి మా ఊర్లో కరెంటు పోయింది. అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలో మా ఊరికి ఆ ఏడు రోజూ పోతూనే ఉండేది. ఆ రాత్రి మాత్రం నేను సేవ్ నొక్కిన క్షణంలోనే పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే పనికిరాకుండా పోయి ఉంది. కరెంటు తిరిగి వచ్చాక స్క్వీక్ (స్మాల్‌టాక్ భాషకు ఒక రూపం) తెరవబోతే తెరుచుకోలేదు. అందులోని పనంతా దాచుకునే ఇమేజ్ ఫైలు సగం రాసి ఆగిపోయింది. మా నాయన నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఎక్కించిన పద్దెనిమిదేళ్ల వాన లెక్కలు అందులోనే ఉన్నాయి.

మా నాయన బడిపంతులు. బడి లేనప్పుడు చేను. 1987 నుంచి వాన పడిన ప్రతిసారీ పుస్తకంలో రాసేవాడు. తేదీ, కార్తె, ఎన్ని మిల్లీమీటర్లు, చివర ఒక మాట. మిల్లీమీటర్ల కోసం బడి ఆవరణలో ఒక రెయిన్ గేజ్ పెట్టించుకున్నాడు. కానీ ఆయనకు ముఖ్యమైంది చివర రాసే ఆ మాటే. 'పదును' అని రాస్తే విత్తనం వేయొచ్చు. 'దుమ్మణిగింది' అని రాస్తే ఇంకా ఆగాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. శనక్కాయ పంట, దానికోసం తెచ్చిన అప్పు, రెండూ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి.

ఆ రాత్రి తర్వాత నేను చాలా ఏళ్లు ఒకే విషయం ఆలోచిస్తూ వచ్చాను. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కుటుంబాన్ని, స్మాల్‌టాక్ అనే భాషను పక్కపక్కన పెట్టి చూడటం. ఎద్దునూ నాగలినీ పోల్చినట్టుందని మిత్రులు అన్నారు. వేరువేరు సబ్జెక్టులు కదా, కాలేజీలో కూడా ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు, ఇంకొకటి ప్రోగ్రామింగ్ పేపరు. కానీ స్మాల్‌టాక్‌ని తయారుచేసిన వాళ్లే ఆ గోడను ఒప్పుకోలేదు. 1970లలో జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్, వాళ్ల బృందం ఆల్టో అనే యంత్రం మీద దాన్ని కట్టారు. అందులో ఎడిటర్, విండోలు, డిస్కు, కీబోర్డు అన్నీ భాషలోని వస్తువులే (ఆబ్జెక్టులే). 1981 ఆగస్టులో బైట్ పత్రిక స్మాల్‌టాక్ ప్రత్యేక సంచిక వేసినప్పుడు ఇంగాల్స్ అందులో ఆ భాష సూత్రాలు రాశాడు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే భాషలో ఇమడని వాటి పోగు, అసలు అలాంటిది ఉండకూడదు అన్నది ఆయన వాదం.

ఇంగాల్స్ మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అయినా ఆ మాటతో నేను విభేదిస్తాను. భాషలో ఇమడనివి ఏమిటో ఒకసారి లెక్క వేసి చూస్తే అందులో ఎక్కువ భాగం ఇతర మనుషులే కనిపిస్తారు. మన భాష తెలియనివాళ్లు, మన ప్రోగ్రాం లేనివాళ్లు, మనం ఊర్లో లేనప్పుడు మన లెక్కలు కావాల్సినవాళ్లు. వాళ్లు వచ్చి కూర్చోడానికి ఒక అరుగు కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అరుగు.

ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. స్మాల్‌టాక్‌తో గడిపిన రోజులు నాకు ప్రోగ్రామింగ్‌లో అన్నిటికంటే మంచి రోజులు. అందులో అంతా వస్తువే. 3 అనే అంకె కూడా వస్తువే, దానికి 'ప్లస్ 4' అని మెసేజ్ పంపితే 7 తిరిగి ఇస్తుంది. నేను వానని వస్తువుగా చేశాను. కార్తె ఇంకో వస్తువు. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఒక్కోటీ పదమూడు పద్నాలుగు రోజులు, ఏ తేదీ ఏ కార్తెలో పడుతుందో దానికే తెలుసు. ఒక వానను పట్టుకుని 'నీ కార్తె ఏది, నీకు ముందు పడిన వాన ఎప్పుడు' అని అడిగితే చెప్పేది. ఇన్‌స్పెక్టర్ తెరిచి దాని లోపలికి చూడొచ్చు, అక్కడే అంకె మార్చొచ్చు.

'పదునా?' అనే మెసేజ్ మీద నేను రెండు వారాలు కూర్చున్నాను. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాల్సి వచ్చింది, కానీ భావం మా నాయనదే. ఇరవై మిల్లీమీటర్లు పడితే పదును అని మొదట రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఎర్ర నేలకు సరిపోయేది నల్లరేగడికి సరిపోదు. ముందు పది రోజులు మండే ఎండ ఉంటే అదే ఇరవై మిల్లీమీటర్లు నేల పైపొరలోనే ఆరిపోతుంది. నిన్న పది పడి ఇవ్వాళ పన్నెండు పడితే పదునే. ఆయన చెబుతూ ఉంటే నేను నడుస్తున్న ప్రోగ్రాంలోనే మార్చుకుంటూ పోయాను. ఎక్కడైనా తప్పు జరిగితే ప్రోగ్రాం కుప్పకూలదు. డీబగ్గర్ తెరుచుకుంటుంది, తప్పు జరిగిన చోటే ఆగి ఉంటుంది. అక్కడే మెథడ్ (మెసేజ్‌కు జవాబిచ్చే కోడు) సరిచేసి 'కొనసాగించు' అంటే ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. పక్కన కూర్చున్న రైతు చెప్పింది చెప్పినట్టు ప్రోగ్రాంలోకి రావడం నేను ఇంకెక్కడా చూడలేదు. యూనిక్స్‌లో ఎన్ని టూల్స్ ఉన్నా ఆ అనుభవం ఇప్పటికీ లేదు.

ఇక ఇమేజ్. స్మాల్‌టాక్‌లో ఇమేజ్ అంటే ఫొటో అనుకోవద్దు. నడుస్తున్న లోకమంతా, ప్రతి వస్తువూ, తెరిచి ఉన్న విండోలూ, సగంలో ఉన్న లెక్కా, ఆ క్షణానికి ఎలా ఉన్నాయో అలాగే డిస్కు మీదికి దించిన ముద్ర. రేపు తెరిస్తే నిన్న వదిలిన చోటే ఉంటుంది. ఇది పెరుగుకు తోడు వేయడం లాంటిది. నిన్నటి పెరుగులోంచి ఇవాళ్టిది, ఇవాళ్టి దాంట్లోంచి రేపటిది. 1996లో ఆపిల్‌లో కే, ఇంగాల్స్ వాళ్లు స్క్వీక్ తయారుచేసినప్పుడు కూడా ఏమీ లేని చోటినుంచి మొదలుపెట్టలేదు. ఆపిల్ దగ్గరున్న పాత స్మాల్‌టాక్-80 ఇమేజ్‌నే తోడుగా వేసుకున్నారు. నా వాన లెక్కలు ఆ వరుసలోనే పుట్టాయి.

తోడు పాడైతే ఏమవుతుందో ఆ రాత్రి చూశాను.

ఇమేజ్ పక్కన స్క్వీక్ ఇంకో ఫైలు పెట్టుకుంటుంది, దాని పేరు ఛేంజెస్. మనం మార్చిన ప్రతి మెథడ్, వర్క్‌స్పేస్ అనే రాత విండోలో నడిపిన ప్రతి ముక్క అందులో వరుసగా చేరుతుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు. అదొక్కటే బతికింది. యూనిక్స్ కుటుంబంలోని లినక్స్‌లో, కమాండులు టైపు చేసే టెర్మినల్‌లో, దాని మీద గ్రెప్ నడిపితే నాకు కావలసిన పదం వెతికిపెట్టాల్సింది పోయి ఫైలు మొత్తాన్నీ తెర మీద కుమ్మరించింది. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, స్క్వీక్ లైను చివర పాత మ్యాకింటోష్ పద్ధతిలో క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు పెడుతుందని. యూనిక్స్ చూసేది లైన్‌ఫీడ్ అనే ఇంకో గుర్తు కోసం. దానికి ఆ ఫైలంతా ఒకే పొడవాటి లైను. ట్రాన్స్‌లేట్ కమాండుతో ఒక గుర్తు తీసి ఇంకొకటి పెట్టాను. అంతే, నేను రాసిన ప్రతి మెథడూ వరుసగా కనిపించింది. 'పదునా?' కూడా ఉంది, ఎనిమిదిసార్లు మార్చిన ఎనిమిది రూపాల్లో.

వాన లెక్కలు మాత్రం లేవు. తొలి వారంలో వర్క్‌స్పేస్‌లో చేత్తో టైపు చేసిన కొన్ని దొరికాయి. తర్వాత నేను ఒక చక్కటి ఫారం తయారుచేసుకుని అందులో నింపుతూ వచ్చాను. ఫారం ద్వారా పుట్టిన వస్తువులు ఇమేజ్‌లో మాత్రమే బతుకుతాయి. ఛేంజెస్‌లోకి రావు. సంక్రాంతికి తీసిపెట్టుకున్న పాత ఇమేజ్ కాపీ ఒకటి ఉంది కానీ అప్పటికి ఎక్కించింది రెండేళ్ల లెక్కలే.

అంటే పదును అంటే ఏమిటో చెప్పే జ్ఞానం మిగిలింది, పడిన వానలు పోయాయి. స్మాల్‌టాక్ దేన్ని విలువైనదిగా ఎంచి కాపాడుతుందో దీన్నిబట్టి నాకు అర్థమైంది. అది ఆలోచనను కాపాడుతుంది. లెక్క పుస్తకాన్ని ఆలోచనలో భాగంగా చూస్తుంది తప్ప విడిగా చూడదు.

నాయనకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కోప్పడలేదు. పుస్తకాలు ఉన్నాయి కదా అన్నాడు. కానీ తర్వాత అడిగిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

"సరే అబ్బీ, అది పోకుండా ఉన్నా, నువ్వు ఊర్లో లేకుంటే నా లెక్క నాకెట్ల కనపడాల?"

నేను కనపడేటట్టు చేస్తానన్నాను. ఒక బటన్ పెడతాను, నొక్కితే చాలు అన్నాను.

"ఆ బటన్ కూడా నువ్వు పెట్టిందే కదరా."

రెండోసారి ఎక్కించేటప్పుడు టెక్స్ట్ ఫైల్లో రాశాను. ఏడాదికి ఒక ఫైలు. ఒక వానకు ఒక లైను. తేదీ, కార్తె, ఊరు, మిల్లీమీటర్లు, చివరి మాట. ఆయన పుస్తకంలో ఉన్నట్టే. అనంతపురం కమలానగర్‌లో ఒక డీటీపీ సెంటర్లో ప్రింటు తీయిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు తప్పులు పట్టాడు.

యూనిక్స్ గురించి ఇక్కడ చెప్పాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఒక పీడీపీ-7 మీద మొదలుపెట్టిన ఆ వ్యవస్థలో ఫైలు అంటే బైట్ల వరుస, అంతకుమించి ఏమీ లేదు. లోపల వాన లెక్క ఉందా, ఉత్తరం ఉందా, ప్రోగ్రాం ఉందా అని ఆ వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ అడగదు. 1973లో అక్కడే పనిచేసే డగ్ మెకిల్‌రాయ్ ఎన్నాళ్లుగానో పట్టుబడుతున్న పైపు వచ్చింది. ఒక ప్రోగ్రాం చెప్పింది ఇంకొకటి వింటుంది, రెండూ ఒకదాన్నొకటి ఎరగవు. 1977లో అక్కడే పుట్టిన ఆక్ అనే చిన్న భాషలో ఒక్క లైను రాస్తే మా ఊరి కార్తెల వారీ మొత్తాలు వచ్చేస్తాయి. ఆ లైను నాది. దాన్ని పారేసి రేపు ఎవరో వేరే భాషలో రాసుకున్నా ఫైలుకు ఏమీ కాదు.

నాయన స్నేహితులకు ఈ సంగతి తెలిసింది. సింగనమల, బుక్కరాయసముద్రం, ఉరవకొండ వైపు రిటైరైన పంతుళ్లు కొందరు తమ ఊరి వాన కూడా ఫోన్లో పంపడం మొదలుపెట్టారు. ఎవరి పద్ధతి వాళ్లది. ఒకాయన '12 మి.మీ.' అని, ఇంకొకాయన '12 ఎంఎం' అని, మరొకరు అంకె ముందు, తేదీ వెనక. టెక్స్ట్‌ను మార్చిపెట్టే సెడ్ అనే యూనిక్స్ టూల్‌తో వాటన్నిటినీ ఒక దారికి తెచ్చుకున్నాను. రాయదుర్గం అవతల బళ్లారి వైపు మాకు చుట్టాలున్నారు, వాళ్ల ఫోన్లో కన్నడ కీబోర్డు. కార్తె పేరూ ఊరి పేరూ కన్నడ లిపిలో వచ్చేవి. ప్రతి లిపిలోని గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు, కన్నడ పట్టికలు పక్కపక్కనే, ఒకే వరుసలో ఉంటాయి. మన 'క' ఉన్న చోటికి సరిగ్గా 128 గళ్ల తర్వాత వాళ్ల 'క'. పదిహేను లైన్ల పైథాన్ స్క్రిప్టు రాసి పైపు మధ్యలో పెట్టాను, 128 తీసేసే పని దానిది. దాదాపు అన్నీ సరిగ్గా మారాయి. ఆక్‌కు పైథాన్ సంగతి తెలియదు, మా చుట్టాలకు తెలుగు చదవడం రాదు, అయినా మృగశిర వాన మృగశిర ఖాతాలోనే పడింది.

సంతలో కన్నడాయన, తెలుగాయన గొర్రెల బేరం చేసుకోడానికి ఒకే వ్యాకరణం అక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకున్న నోట్లు ఉంటే చాలు. యూనిక్స్ కుటుంబం అంత పెరగడానికి కారణం ఇదే అనుకుంటున్నాను. 1973లో కెర్నల్‌ని సీ భాషలో తిరగరాశాక ఎవరి యంత్రం మీద వాళ్లు దాన్ని వండుకోగలిగారు. బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు బీఎస్‌డీ అనే తమ రూపం చేసుకున్నారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ పాత యూనిక్స్ సోర్సులోంచి ఏమీ తీసుకోకుండా కొత్తగా లినక్స్ రాశాడు, అయినా అది ఆ కుటుంబంలో మనిషే. స్మాల్‌టాక్‌లో చుట్టరికం తోడు నుంచి వస్తుంది. యూనిక్స్‌లో ఒప్పందం నుంచి వస్తుంది. ఫైలు ఇలా ఉంటుంది, ప్రాసెస్ ఇలా ఉంటుంది, పైపు ఇలా ఉంటుంది అని ఒప్పుకుంటే పరాయివాడు కూడా ఇంటివాడే. 1988లో పోసిక్స్ పేరుతో ఆ ఒప్పందాన్ని రాసే పెట్టారు. మా నాయన జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కూడా లినక్స్ కెర్నలే.

ఇందులో నష్టం లేదని అంటే అబద్ధమవుతుంది. బుక్కరాయసముద్రం పంతులుగారు ఊరి పేరును కొన్ని రోజులు కలిపి, కొన్ని రోజులు 'బుక్కరాయ సముద్రం' అని విడదీసి పంపారు. ఆక్‌కు ఖాళీ కనిపిస్తే కొత్త గడి మొదలైనట్టు. మిల్లీమీటర్లు ఉండాల్సిన నాలుగో గడిలో 'సముద్రం' వచ్చి కూర్చుంది. అంకె కాని మాట కూడికలోకి వస్తే ఆక్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. తప్పని చెప్పదు, ఆగదు. ఒక ఏడాదంతా ఆరుద్ర, పునర్వసు మొత్తాలు తక్కువగా వచ్చాయి. మేం వాన తక్కువ పడిందనే అనుకున్నాం. నాయన ఆ ఏడు పుస్తకంతో పోల్చి చూసి, ఇది కాదే అన్నాక వెతికితే దొరికింది. అదే స్క్వీక్‌లో అయితే నేను రాసుకున్న వాన వస్తువు అంకె కానిదాన్ని ముట్టుకునేదే కాదు, ఆ క్షణమే డీబగ్గర్ తెరిచి చూపించేది. ఈ నిశ్శబ్దమైన తప్పులు యూనిక్స్‌కున్న అతి పెద్ద జబ్బు. బైట్లకు అర్థం ఉండదు కాబట్టి అర్థాన్ని ప్రతి ప్రోగ్రామూ తనకు తాను ఊహించుకోవాలి. యాభై ఏళ్లు దాటినా ఆ ఊహలు తప్పుతూనే ఉన్నాయి.

అయితే తెలుగు విషయంలో ఆ అర్థం లేకపోవడమే మనల్ని కాపాడింది. స్క్వీక్‌లో నేను తెలుగు పెట్టి చూసిన రోజుల్లో వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుకోలేదు. తెర మీద సరిగ్గా రాకపోతే ఇంకెక్కడా చూసే దారి లేదు, ఎందుకంటే ఆ తెర, ఆ వస్తువు ఒకే ఇంట్లో ఉన్నాయి. నిజానికి లినక్స్ టెర్మినల్ కూడా తెలుగును సరిగ్గా చూపించదు, అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కానీ ఫైల్లో బైట్లు క్షేమంగా ఉంటాయి. అదే ఫైలు ఫోన్లో తెరిస్తే ముత్యాల్లా కనిపిస్తుంది. ఈ బైట్ల పద్ధతి, యూటీఎఫ్-8, 1992లో అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించింది. అందులో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. 'అనంతపురం' మనకు ఐదు అక్షరాలు, యూనికోడ్‌కు ఎనిమిది గుర్తులు, డిస్కు మీద 24 బైట్లు. పాత ప్రోగ్రాములు ఆ బైట్లు ఏ భాషవో తెలియకుండానే వాటిని ఇటు నుంచి అటు చేరవేస్తాయి. గ్రెప్ మొదట రాసిన నాటికి యూనికోడ్ అన్నదే లేదు, అయినా ఇవాళ అది మా ఊరి పేరు వెతికిపెడుతుంది.

స్మాల్‌టాక్ వాళ్లు కూడా ఈ సంగతి గ్రహించారనే నా నమ్మకం. స్క్వీక్ నుంచి 2008లో విడిపోయిన ఫారోలో ఇప్పుడు సోర్సును విడివిడి టెక్స్ట్ ఫైళ్లుగా, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెడుతున్నారు, ఇమేజ్‌ని ఆ సోర్సు నుంచే కట్టుకునే దారి వేసుకున్నారు. పదిమంది కలిసి పని చేయాల్సి వచ్చేసరికి అరుగు మీదికి రాక తప్పలేదు. ఇటువైపు యూనిక్స్ వాళ్లు కంటైనర్లు అంటూ ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన మొత్తం వాతావరణాన్ని మూటగట్టి దానికి ఇమేజ్ అనే పేరే పెట్టారు. అయితే ఆ మూటలో ఉండేది ఫైళ్ల చెట్టు, బతికున్న వస్తువులు కావు. పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటని నేననుకోను.

నాకు అసలు బాధ ఇంకొక చోట ఉంది. ఇంటర్ చదివే మా అన్న కూతురికి ఈ వాన ఫైలు చూపిస్తే, "ఇది ఏ యాప్‌లో ఉంది చిన్నాన్నా?" అని అడిగింది. ఫోన్లో పెరిగిన పిల్ల. ఆ ఫోన్లో ఫైలూ మామూలుగా కంటికి కనబడదు, లోపలికి తొంగి చూడగల వస్తువూ లేదు. యూనిక్స్ ఇచ్చిన అరుగు మూసేశారు, స్మాల్‌టాక్ ఇచ్చిన తెరిచిన ఇల్లూ లేదు. కే ఆ రోజుల్లో పిల్లల కోసమే కంప్యూటర్ కావాలన్నాడు. పిల్లలు బొమ్మలు కదిలిస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్ తొలి రూపాలు స్క్వీక్ మీదే కట్టారు. అందుకే ఆ పిల్లకు ముందు స్క్వీక్ నేర్పాను. ఒక వానను తెరిచి లోపల మిల్లీమీటర్లు మార్చి 'పదునా?' అని అడిగి, జవాబు మారడం చూసి ఆమె ముఖం వెలిగింది. టెర్మినల్ ముందు కూర్చోబెట్టి ఉంటే ఆ వెలుగు వచ్చేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో లెక్కలు ఇలా నడుస్తున్నాయి. ఫైళ్లే మూలం. స్క్వీక్ తెరిచినప్పుడల్లా ఆ ఫైళ్లు చదువుకుని వానలను మళ్లీ పుట్టిస్తుంది, మూసేటప్పుడు ఇమేజ్‌ని సేవ్ చేయను. కొత్త వాన వస్తే ముందు ఫైల్లో ఒక లైను చేరుతుంది. 'పదునా?' కోడు కూడా ఇప్పుడు టెక్స్ట్‌గా అదే ఫోల్డర్లో ఉంది.

ఒక్కటి మాత్రం తేలలేదు. చివరి గడిలో నాయన రాసిన మాట, 'పదునా?' ఇచ్చిన జవాబు అన్నిసార్లూ కలవవు. రెండూ పక్కపక్కన పెట్టి జాబితా తీశాను, ఇప్పటికి నలభై ఒక్క వానల దగ్గర తేడా ఉంది. పోయిన ఆదివారం నాయన ఆ జాబితా పట్టుకుని కూర్చుని ఒక్కో తేదీ పక్కన పెన్సిల్‌తో రాస్తున్నాడు: ఆ రోజు గాలి ఎటు వీచింది, చేను దున్ని ఉందా లేదా, పక్క చేనాయన విత్తాడా లేదా. ఇందులో ఏవీ నా ఫైల్లో లేవు, నా వస్తువుల్లో కూడా లేవు. ఇంకా పన్నెండు తేదీలు మిగిలున్నాయి.